జుట్టు పెరగాలంటే ముందు అది ఎందుకు ఊడుతోందో చూడండి

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొందరికి ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. ఈ వేగాన్ని రెట్టింపు చేసే నూనె గానీ మాత్ర గానీ ఇంతవరకు లేదు. ఉందని చెప్పి అమ్మేవాళ్లకు మాత్రం కొదవ లేదు. మన చేతిలో ఉన్నది వేరే. ఊడుతున్న జుట్టును ఆపొచ్చు, సన్నబడుతున్న జుట్టును కొంతవరకు మళ్లీ లావు చేయొచ్చు, పెరిగిన జుట్టు నడుమలో తెగిపోకుండా కాపాడొచ్చు. వీటిలో దేని వైద్యం దానిదే. తెగే జుట్టుకు మాత్ర మింగినా, బట్టతలకు నూనె రాసినా ఆరు నెలల కాలం, డబ్బు రెండూ దండగ.

తలమీద దాదాపు లక్ష కుదుళ్లుంటాయి. ఒక్కో కుదురు రెండు నుంచి ఆరేళ్లు వెంట్రుకను పెంచుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో ముడుచుకుపోయి, ఓ మూడు నెలలు ఊరికే ఉంటుంది. ఆపైన పాత వెంట్రుక రాలి, అదే కుదుట్లోంచి కొత్తది మొలుస్తుంది. ఎప్పుడు చూసినా నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు పెరిగే దశలోనే ఉంటాయి. కాబట్టి రోజుకు 50 నుంచి 100 రాలడం జబ్బు కాదు. వారానికి ఒక్కసారే తలకు పోసుకునేవాళ్లకు ఆ రోజు గుప్పెడు కనబడుతుంది. అది వారం బాకీ, ఒక్కరోజుది కాదు.

జడ ఎంత పొడవు పెరుగుతుందన్నది కూడా ఈ పెరిగే దశ మీదే ఆధారపడుతుంది. ఆ దశ రెండేళ్లే ఉన్నవాళ్లకు జుట్టు భుజాలు దాటి పెద్దగా దిగదు. అమ్మమ్మ జడ మోకాళ్ల దాకా ఉండేదంటే అందులో ఆముదం వాటా కంటే వంశం వాటా ఎక్కువ.

ఊడిందా, తెగిందా?

ఏ డాక్టరూ అక్కరలేకుండా ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. ఒక రోజంతా తలకు పోసుకోకుండా ఉండండి. 50, 60 వెంట్రుకల పాయను బొటనవేలికీ మొదటి రెండు వేళ్లకూ నడుమ పట్టుకుని, కుదురు దగ్గర్నుంచి కొస దాకా మెల్లగా జారుస్తూ లాగండి. గుంజకూడదు. నుదుటి పైన, నడినెత్తిన, చెవి పక్కన, వెనక ఇలాగే చేయండి. చోటుకు ఒకటో రెండో వస్తే మామూలే. ఆరుకు మించి వస్తుంటే జుట్టు ఊడడం జోరుగా సాగుతోందన్నమాట.

వచ్చిన వెంట్రుకల్ని తెల్లకాగితం మీద పరిచి, వెలుతురులో కొసలు చూడండి. ఒక కొసన గసగసాల గింజ కంటే చిన్న తెల్లటి ఉబ్బు కనబడితే అది సహజంగా విశ్రాంతి దశ ముగించుకుని రాలిన వెంట్రుక. దీన్ని చూసే చాలామంది "కుదురుతో సహా ఊడొచ్చింది, ఇంక అక్కడ మొలవదు" అని బెంబేలెత్తుతారు. కుదురు చర్మం లోపలే భద్రంగా ఉంటుంది, బయటికొచ్చింది పాత వెంట్రుక అడుగు మాత్రమే. ఏ కొసనా ఆ ఉబ్బు లేక, పొట్టి పొట్టి ముక్కలుగా ఉంటే అది ఊడడం కాదు, తెగడం. దానికి మందు కాదు కావాల్సింది, తలకు పోసుకునే పద్ధతి మార్చుకోవాలి.

బోరు నీళ్లు, కుంకుడుకాయలు, తువ్వాలు

అనంతపురం, కడప పల్లెల్లో చాలా ఇళ్లకు బోరు నీళ్లే గతి. బకెట్టు అంచున, గీజరు లోపల తెల్లటి పొర పేరుకుంటుంటే ఆ నీళ్లలో క్యాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్నాయని అర్థం. ఇలాంటి నీళ్ల వల్ల కుదుళ్లు చావవు, బట్టతల రాదు. కానీ ఒంటిసబ్బు తలకు రుద్దితే ఆ లవణాలతో కలిసి జిడ్డు తెట్టులా మారి వెంట్రుకకు అంటుకుంటుంది. జుట్టు గరుకెక్కి, చిక్కుపడి, దువ్వెన పెడితే తెగుతుంది. అనంతపురం వైపు ఫ్లోరైడ్ నీళ్ల గురించి కూడా అడుగుతుంటారు. ఫ్లోరైడ్ చేటు తాగితే పళ్లకూ ఎముకలకూ గానీ, తలకు పోసుకుంటే జుట్టుకు కాదు.

తలకు ఒంటిసబ్బు మానేయండి. షాంపూ గానీ కుంకుడుకాయ గానీ ఉప్పునీళ్లలో ఇలా తెట్టు కట్టదు. నడుం దాకా జడ ఉన్నవాళ్లకు ఎనిమిది పది కుంకుడుకాయలు, భుజాల దాకా అయితే అయిదారు చాలు. పగలగొట్టి గింజలు తీసేసి, రాత్రి అరలీటరు వేడినీళ్లలో నానేయండి. పొద్దున చేత్తో బాగా పిసికి, పలుచటి గుడ్డలో వడగట్టండి. వడగట్టకపోతే పిప్పి మాడుకు అంటుకుని దురద పెడుతుంది. ఆ రసం ఆ పూటకే, మర్నాటికి పులుస్తుంది. మాడు మీద పోసి వేళ్ల మెత్తటి భాగంతో రుద్దాలి, గోళ్లతో కాదు. కళ్లల్లో పడితే మంట సంగతి చెప్పక్కర్లేదు, తల వెనక్కి వాల్చి పోసుకోండి. ఆఖరి రెండు చెంబులు మాత్రం కాలువ నీళ్లో, ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్లో వాడితే తేడా ఆ రోజే చేతికి తెలుస్తుంది.

ఇక అసలు చేటు స్నానం తర్వాత జరుగుతుంది. తడి జుట్టును వంగి, తువ్వాలుతో ఫట్ ఫట్‌మని కొట్టి ఆరబెట్టడం మన ఇళ్లలో రోజూ చూసేదే. తడిసిన వెంట్రుక రబ్బరులా సాగుతుంది, ఆ దెబ్బకు పైపొర చిట్లుతుంది. పోనుపోను కొసలు చీలతాయి. పాత నూలు పంచెతో అద్ది వదిలేయండి. సగం ఆరాక పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో ముందు కొసల చిక్కు తీసి, మెల్లగా పైకి రండి. పైనుంచి మొదలుపెడితే చిక్కంతా కిందికి చేరి ముడిపడుతుంది. సాంబ్రాణి పొగ పట్టడం తప్పు లేదు, నిప్పుల వేడి తగలనంత ఎత్తులో పడితే చాలు.

బిగించి అల్లే జడ, ఎత్తుగా లాగి కట్టే పోనీటెయిల్, దాని మీద సవరం, ఆపై మూర పూలు: ఈ బరువంతా కణతల దగ్గరి కుదుళ్లు మోస్తాయి. అక్కడ జుట్టు పలచబడి నూగు మాత్రమే మిగులుతుంటే వెంటనే జడ వదులు చేయండి. తొలి దశలో తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి లాగితే ఆ కుదుళ్లు మూసుకుపోతాయి, తర్వాత ఏ మందూ పనిచేయదు.

జ్వరం వచ్చి పోయిన మూడు నెలలకు

వర్షాకాలంలో డెంగీయో టైఫాయిడో వచ్చినవాళ్లకు సంక్రాంతి నాటికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. అప్పటికి జ్వరం మర్చిపోయి ఉంటారు. కొత్తగా కొన్న షాంపూ మీద, మారిన నీళ్ల మీద నెపం పెడతారు. పెద్ద జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఒక్కసారిగా తిండి తగ్గించడం, ఇలాంటి దెబ్బ ఏది తగిలినా పెరిగే దశలో ఉన్న కుదుళ్లు చాలా ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్తాయి. ఆ విశ్రాంతి మూడు నెలలు కాబట్టి రాలడం రెండు మూడు నెలలకు మొదలవుతుంది. కారణం పోయినట్లయితే మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే ఆగుతుంది, ఒత్తు తిరిగి కనబడడానికి ఏడాది దాకా పడుతుంది. ఈ రకానికి ఏ నూనె రాసినా గెలిచినట్లే కనబడుతుంది, ఎందుకంటే రాయకపోయినా తగ్గేదే. ఊళ్లో పేరుపొందిన నూనెలు చాలావాటి కీర్తికి మూలం ఇదే.

కాన్పు తర్వాత కూడా ఇంతే. రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య మొదలై, బిడ్డ మొదటి పుట్టినరోజుకు సర్దుకుంటుంది. దీనికి మందు అవసరం లేదు. కానీ పథ్యమని బాలింతకు పప్పు, గుడ్డు, ఆకుకూరలు మాన్పించి కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లలో ఇది లాగుతూ పోతుంది. పాలిచ్చే తల్లికి మామూలు రోజుల కంటే ఎక్కువ ప్రొటీను కావాలి, తక్కువ కాదు.

తిండి, రక్తం

వెంట్రుక అంటే దాదాపు అంతా కెరటిన్ అనే ప్రొటీనే. పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము ప్రొటీను రోజూ కావాలి. 60 కిలోలున్న మనిషికి 48 నుంచి 60 గ్రాములు. సంగటి ముద్ద, ఊరిబిండితో రెండు పూటలూ గడిచిపోతే ఇది అందదు. లెక్క ఇలా వేసుకోవచ్చు: రెండు గుడ్లకు 12 గ్రాములు, 50 గ్రాముల చెనిక్కాయ విత్తనాలకు మరో 12, అరకప్పు పప్పుకో ఉలవలకో 11, గ్లాసు పెరుగుకు ఆరు, సంగటి, జొన్నరొట్టె, అన్నం నుంచి ఇంకో పది పదిహేను. గుడ్డు తినని ఇళ్లలో ఉలవలు, పెరుగు పెంచుకోవాలి.

ఆడవాళ్లలో జుట్టు పలచబడడానికి తరచూ దొరికే కారణం ఐరన్ లోటు. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అని అందరికీ తెలుసు. తెలియంది ఏంటంటే, హిమోగ్లోబిన్ సరిగానే ఉండి ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు. ఆ నిల్వను చూపించేది ఫెరిటిన్ పరీక్ష. కాబట్టి రక్తకణాల లెక్క చెప్పే సీబీసీతో పాటు ఫెరిటిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, శాకాహారులైతే బీ12 చేయించుకోవాలి. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే పీసీఓడీ (అండాశయాల హార్మోన్ల తేడా) అనుమానించాలి. రాగుల్లో క్యాల్షియం దండిగా ఉంటుంది, ఐరన్ లోటు తీరడానికి మాత్రం అవి చాలవు.

ఐరన్ మాత్ర పరగడుపున గానీ, తిన్న రెండు గంటలకు గానీ నిమ్మరసం నీళ్లతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర, వీటికి ముందూ వెనకా రెండు గంటలు ఎడం ఉండాలి. మాత్ర మింగి వెంటనే టీ తాగే అలవాటు ఉన్నచోట మూడు నెలలు వాడినా ఫెరిటిన్ కదలదు. మలం నల్లగా రావడం మామూలే. కడుపులో తిప్పితే డాక్టరుతో చెప్పి రోజు విడిచి రోజుకు మార్చుకోవచ్చు, మానేయొద్దు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉచితంగానే ఇస్తారు.

జుట్టు మాత్రల్లో ఉండే బయోటిన్ అనే విటమిన్ లోటు నిజంగా ఉన్నవాళ్లు చాలా అరుదు. లోటు లేనివాళ్లకు ఆ మాత్రలతో జుట్టు ఒత్తుగా వస్తుందనడానికి గట్టి రుజువు లేదు. పైగా అది రక్తపరీక్షల్ని తారుమారు చేస్తుంది. థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా దెబ్బతినవచ్చు. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. వాడుతుంటే ల్యాబులో ముందే చెప్పండి. విటమిన్ ఏ, సెలీనియం మోతాదు మించితే జుట్టు ఊడుతుంది, కాబట్టి రెండు మూడు రకాల మాత్రలు కలిపి మింగడం మంచిది కాదు.

బట్టతల

మగవాళ్లకు కణతల నుంచి, నడినెత్తి నుంచి, ఆడవాళ్లకు పాపిడి వెడల్పవుతూ జుట్టు సన్నబడితే అది ఎక్కువగా వంశపారంపర్యం. డీహెచ్‌టీ అనే హార్మోను ప్రభావంతో కుదుళ్లు ఏటికేడు చిన్నవై, లావు వెంట్రుక మొలిచే చోట నూగు మొలుస్తుంది. ఇక్కడే మందులకు నిజమైన పని ఉంది. ఎంత ముందు మొదలుపెడితే అంత ఫలితం. నున్నగా మెరిసే నెత్తి మీద పదేళ్ల తర్వాత రాస్తే పెద్దగా ఒరిగేది లేదు.

మినాక్సిడిల్ మొదట రక్తపోటు మాత్ర. అది మింగినవాళ్లకు ఒంటినిండా వెంట్రుకలు మొలవడం చూసి తలకు రాసే మందుగా మార్చారు, అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. మగవాళ్లకు 5 శాతం ద్రావణం పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా. ఆడవాళ్లకు సాధారణంగా 2 శాతం రెండు పూటలా, లేదా 5 శాతం ఒక్క పూట. మాడు పొడిగా ఉండాలి. దువ్వెనతో పాపిడి తీసి, చుక్కలు చర్మం మీద పడేలా డ్రాపర్‌తో వేయండి. వేలితో మెల్లగా పరచండి. పక్కన మరో పాపిడి తీసి మళ్లీ అలాగే. చాలామంది చేసేది జుట్టు మీద చల్లుకోవడం, ఆ మందు వెంట్రుకలకు అంటి వృథా అవుతుంది. తర్వాత చేతులు కడుక్కోవాలి. నాలుగు గంటలు తల తడవకూడదు. రాత్రి పడుకోబోయేటప్పుడు కాక రెండు గంటల ముందే రాయండి, లేదంటే దిండుకు అంటి ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. మే నెల ఎండకు చెమటలు కారే మధ్యాహ్నం రాయడం దండగ. నూనె రాసిన తల మీద కూడా అంతే.

మొదటి రెండు వారాల నుంచి ఎనిమిదో వారం లోపు జుట్టు ఇంకా ఎక్కువ ఊడుతుంది. కొత్త వెంట్రుక పాతదాన్ని తోసేస్తున్నందుకే ఇది. చాలామంది ఇక్కడే భయపడి సీసా పారేస్తారు. ఫలితం చూడాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు పట్టాలి. నెలకోసారి ఒకేచోట, ఒకే వెలుతురులో నడినెత్తి ఫొటో తీసి పెట్టుకోండి, అద్దం రోజూ ఒకేలా చెబుతుంది. మానేస్తే వచ్చిన జుట్టు మూడు నాలుగు నెలల్లో పోతుంది, మళ్లీ పాత దారే. దురద, పొలుసులు వస్తే ద్రావణంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ కారణం కావచ్చు, ఫోమ్ రకానికి మారి చూడొచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగాకే. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, అది నాకితే ప్రాణం మీదికొస్తుంది. ఎక్కువ రాస్తే ఎక్కువ మొలుస్తుందనుకోవద్దు, గుండెదడ, కళ్లు తిరగడం మాత్రం వస్తాయి.

ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర మగవాళ్లకు మాత్రమే, 1997 నుంచి వాడుకలో ఉంది. డీహెచ్‌టీని తగ్గించి ఊడడాన్ని ఆపుతుంది. కొందరికి లైంగిక కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండడం వంటివి వస్తాయి, అందుకే డాక్టరు చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనొద్దు. గర్భిణులు విరిగిన మాత్రను తాకకూడదు, మగబిడ్డ ఎదుగుదలకు ముప్పు. ప్రొస్టేట్ గ్రంథి కోసం పీఎస్ఏ రక్తపరీక్ష చేయించుకునేవాళ్లు ఈ మాత్ర వాడుతున్నామని చెప్పాలి, ఆ సంఖ్యను ఇది దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. మానిన నెల దాకా రక్తదానం చేయకూడదు.

పేనుకొరుకుడు, తామర

రూపాయి బిళ్లంత గుండ్రంగా, నున్నగా జుట్టు పోతే దాన్ని పేనుకొరుకుడు అంటాం. పేను కొరికింది ఏమీ లేదు, ఒంట్లోని రక్షణ కణాలే కుదుళ్ల మీద దాడి చేయడం. ఒకటి రెండు మచ్చలైతే చాలామందికి ఏడాదిలోగా తిరిగొస్తుంది, డాక్టరు నాలుగైదు వారాలకోసారి స్టెరాయిడ్ సూది వేస్తే ఇంకా ముందు. దాని మీద నల్లజీడి రాయడం, గురివింద గింజ అరగదీసి పూయడం, తెల్లగడ్డ రక్తం వచ్చేలా రుద్దడం ఇంకా పల్లెల్లో ఉంది. నల్లజీడి బొబ్బలెక్కిస్తుంది, గురివింద గింజలో విషముంది. కాలి మచ్చ పడితే తిరిగి రావాల్సిన జుట్టు కూడా రాదు.

పిల్లల తలమీద పొలుసులతో, మొదలంటా తెగిన నల్లచుక్కలతో మచ్చ ఉంటే అది తామర. పైపూత అక్కడ కుదురు లోపలికి చేరదు, నోటిద్వారా మందు ఆరు ఎనిమిది వారాలు వాడాలి. దువ్వెన, తువ్వాలు, దిండు గలీబు వేరు చేయండి.

నూనెలు, ఉల్లిరసం, గుండు

కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీను కారిపోవడాన్ని తగ్గిస్తుంది. అందుకే దాన్ని తలకు పోసుకోవడానికి అరగంట, గంట ముందు రాయాలి. రెండు చిన్న చెంచాలు చాలు, ముఖ్యంగా కొసలకు. ఆముదం చిక్కన, లోపలికి ఇంకదు. పైన పొరలా నిలుస్తుంది. మూడు వంతుల కొబ్బరినూనెకు ఒక వంతు కలపండి. ఉత్త ఆముదం పట్టించి పొడవు జుట్టు కడిగితే ఒక్కోసారి విప్పలేనంత గట్టిగా ఉండకడుతుంది, కత్తిరించడం తప్ప దారుండదు. మందారాకు, మెంతి ముద్ద జుట్టును మెత్తబరుస్తాయి, చిక్కు తగ్గిస్తాయి. అంతవరకు మంచివే. గుంటగలగరాకు నూనె బట్టతల మీద జుట్టు మొలిపిస్తుందన్నది మాత్రం నమ్మకమే.

చుండ్రు ఉంటే నూనె మానండి. దానికి కారణమైన శిలీంధ్రానికి నూనె మేత. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురుగు మాడు మీద అయిదు నిమిషాలు ఉంచి కడగాలి, నాలుగు వారాలు.

కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర దిగిపోయిన రోజున ఉల్లిరసం చిట్కా ఫోన్ల నిండా తిరుగుతుంది. దీనికి ఆధారం 2002లో కొద్దిమంది మీద జరిగిన చిన్న పరీక్ష, అదీ పేనుకొరుకుడు మచ్చల మీద. బట్టతలకూ జ్వరం తర్వాత ఊడేదానికీ దాన్ని అంటగట్టడం సరికాదు. మాడు మండితే కడిగేయండి.

గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందనుకుంటారు. కత్తి కుదురును తాకదు. కొత్తగా మొలిచే వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి గరుగ్గా, దట్టంగా అనిపిస్తుంది. మొక్కు ఉంటే తీర్చుకోండి, వైద్యంగా మాత్రం చేయించొద్దు.

ఎప్పుడు, ఎక్కడికి

మాడు ఎర్రబడి నొప్పి పెడుతున్నా, చీము కారుతున్నా, మచ్చ మెరుస్తూ కుదురు రంధ్రాలే కనబడకున్నా ఆలస్యం చేయకూడదు. ఆ రకం కుదుళ్లను శాశ్వతంగా పోగొడుతుంది. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. పొద్దునే వెళ్లండి. పాత రక్తపరీక్షలు, మింగుతున్న మందుల చీటీలు, గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాల తేదీలు రాసి తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

జుట్టు మార్పిడికి వెళ్లేవాళ్లు ఆపరేషన్ చేసేది ఎవరో ముందే అడగాలి. 2022లో జాతీయ వైద్య కమిషన్ దీన్ని చర్మవైద్యంలో గానీ ప్లాస్టిక్ సర్జరీలో గానీ శిక్షణ పొందిన డాక్టర్లే చేయాలని చెప్పింది. వెనక తీసి ముందు నాటడమే ఇది, కొత్త జుట్టు పుట్టించడం కాదు. వెనక ఎంత ఉందో అంతే చేతికొస్తుంది. నాటిన జుట్టు నిలిచినా చుట్టూ ఉన్న పాత జుట్టు సన్నబడుతూనే ఉంటుంది, కాబట్టి ఆపరేషన్ తర్వాత ఇక మందు ఆపమని ఎవరైనా అంటే మరో డాక్టరును అడగండి.